కోడి కాళ్ల మీద తెల్ల పెచ్చులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నాటుకోళ్ల కాళ్ల గురించే. అందుకని పాడి గేదెల ప్రశ్నలను వచ్చే నెలకు పెట్టి, ఈ ఒక్క విషయమే తీసుకున్నాం.

ప్రశ్న: మా ఇంట్ల పది నాటుకోళ్లున్నయి. రెండు పెద్ద పెట్టలకు కాళ్లు లావై, సున్నం పూసినట్టు తెల్లగ పెచ్చులు గట్టినయి. ఒక పుంజుకు ఇప్పుడే మొదలైంది. మేత మంచిగనే తింటున్నయి, గుడ్లు పెడుతున్నయి. ముసలితనానికి అట్లనే అయితదని మా అత్తమ్మ అంటున్నది. గోరుతో గీకితే రక్తం వచ్చింది. ఏం చేయాలె?
(పాఠకురాలు, నర్సంపేట)

జవాబు: వయసు మీద పడితే పొలుసులు మొరటుబారతాయి, మీ అత్తమ్మ గారు ఆ మాట వరకు సరిగ్గానే చెప్పారు. కానీ ముసలి కాలి పొలుసు పైకి లేవదు, దాని కింద తెల్ల పొడి చేరదు. మీ కోళ్లకు పట్టింది పొలుసు పురుగు. పుస్తకాల్లో దీని పేరు నెమిడోకాప్టెస్ మ్యూటాన్స్. అర మిల్లీమీటరుకు మించని గుండ్రటి పురుగు, మామూలు కంటికి ఆనదు.

కోడి కాలి పొలుసులు గూనపెంకుల్లాగ పై నుంచి కిందికి ఒకదాని మీద ఒకటి కప్పుకొని ఉంటాయి. పురుగు ఆ అంచు కింద నుంచి లోపలికి దూరి చర్మం పై పొరను తొలుచుకుంటూ పోతుంది. కారిన రసి, చచ్చిన చర్మం, పురుగు వదిలిన మలినం కలిసి గట్టిపడి పొలుసును పైకి ఎత్తుతాయి. మీకు కనిపిస్తున్న తెలుపు ఇదే. సాధారణంగా వేళ్ల దగ్గర, కాలి కింది భాగంలో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. అందుకే మీ పుంజుకు ముందు వేళ్ల మధ్య చూడండి. పట్టించుకోకుండా వదిలేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి, కోడి కుంటుతుంది, రాత్రి పడుకునే కర్ర ఎక్కలేదు, మేత దగ్గర మిగతా కోళ్ల చేతిలో ఓడిపోతుంది. బాగా ముదిరితే వేలు ఊడిపోవడం కూడా ఉంది.

ఈ పురుగు పుట్టుక నుంచి చావు దాకా కోడి ఒంటి మీదే బతుకుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక తరం తిరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైద్యం మొత్తం ఈ లెక్క మీదే నడవాలి. రెండు రోజులు నూనె రాసి ఆపేస్తే పై పురుగులు చస్తాయి, లోపలివి మళ్లీ పెరుగుతాయి. కనీసం రెండు తరాలు దాటేటట్టు, అంటే ఆరు వారాలు పట్టు వదలకూడదు.

మొదటి పని నానబెట్టడం. ఎండ ఉన్న పూట, పదకొండు గంటల తరువాత పెట్టుకోండి. బకెట్లో మోచేయి ముంచితే హాయిగా ఉండేంత వెచ్చటి నీళ్లు, కోడి మోకాలి దాకా వచ్చేంత లోతు పోసి, ఒంటి సబ్బు కొద్దిగా తురిమి కలపండి. బట్టల సబ్బు వద్దు, అందులో సోడా మంట పెడుతుంది. ఒకరు కోడిని పాత తువ్వాలలో రెక్కలు కదలకుండా చుట్టి పట్టుకోవాలి, కాళ్లు మాత్రం నీళ్లలో ఉండాలి. అయిదు నుంచి పది నిమిషాలు అట్లాగే ఉంచండి. మొదట తన్నుకుంటుంది, వెచ్చదనానికి తరువాత కుదురుగా ఉంటుంది.

ఆ తరువాత మెత్తటి పాత పళ్ల బ్రష్‌తో పై నుంచి కిందికి మాత్రమే రుద్దండి. కింది నుంచి పైకి రుద్దితే బాగున్న పొలుసు కూడా లేస్తుంది. నానిన పొడి, వదులైన పెచ్చు దానంతట అదే వస్తుంది. రానిదాన్ని వదిలేయండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పొలుసు కింద చర్మం పచ్చిగా ఉంటుంది. గోరుతోనో కత్తి మొనతోనో పెకిలిస్తే మీకు జరిగినట్టే రక్తం వస్తుంది, పుండు పడుతుంది, ఈగలు వాలుతాయి, ఎర్రటి చోటు కనిపిస్తే పక్క కోళ్లు పొడుస్తాయి. ఇప్పుడు రక్తం వచ్చిన చోట పోవిడోన్ అయోడిన్ అనే గాయాల మందును నీళ్లలో పలచగా కలిపి అద్ది, అది ఆరేదాకా ఆ భాగాన్ని బ్రష్ చేయకండి.

కాలు పొడి బట్టతో తుడిచి, వేళ్ల మధ్య తడి లేకుండా చూసి వ్యాజలిన్ పట్టించండి. ఒక కోడి రెండు కాళ్లకు చిన్న చెంచాడు సరిపోతుంది. మీ పది కోళ్లకు ఒక విడతకు సుమారు 50 గ్రాములు. పైపైన పూస్తే లాభం లేదు. పొలుసుల అంచుల కిందికి పోయేటట్టు వేలితో నొక్కుతూ రాయాలి. ఎందుకంటే ఇది విషంతో చంపే మందు కాదు, పురుగుకు గాలి ఆడకుండా మూసే మందు. మూయని చోట పురుగు బతికే ఉంటుంది.

వ్యాజలిన్ లేకపోతే కొబ్బరి నూనె అయిదు పాళ్లు, వేపనూనె ఒక పాలు కలిపి వాడండి. కానీ నూనె తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఎక్కువసార్లు రాయాల్సి వస్తుంది. మీ రెండు పెద్ద పెట్టల్లాగా ముదిరిన వాటికి గంధకం కలిపిన మలాం మెరుగు. పది గ్రాముల మెత్తటి గంధకం పొడిని తొంభై గ్రాముల వ్యాజలిన్‌లో ఉండలు లేకుండా కలిపితే పది శాతం మలాం తయారు. ఆ గంధకం పొడి మందుల ముడి సరుకులు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పచ్చి పుండు మీద మాత్రం దీన్ని రాయకండి, మండుతుంది.

మొదటి మూడు రోజులు రోజూ, తరువాత రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తరువాత ఆరో వారం నిండేదాకా వారానికి ఒకసారి రాయండి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టడం వారానికి ఒక్కసారి చాలు. స్నానం లేని రోజుల్లో మాపటి వేళ కోళ్లు గూట్లోకి చేరాక రాయడం మంచిది. చీకట్లో పెనుగులాడవు, రాత్రంతా మట్టి అంటకుండా మందు నిలుస్తుంది.

పదికి పది కోళ్లకూ రాయండి. బాగున్నట్టు కనిపించే ఏడింటినీ వదిలేస్తే ఈ కష్టమంతా వృథా.

ఇంకొక మాట ముందే చెప్పాలి. ఆరు వారాలకు పురుగు చచ్చినా కాలు అందంగా మారదు. పాత పొలుసులు ఊడి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది, చాలాసార్లు కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునేదాకా ఆగాలి. మందు పనిచేస్తున్నదా లేదా అన్నది నునుపును బట్టి కాదు, కొత్తగా పొడి కడుతున్నదా లేదా అన్నదాన్ని బట్టి చూడండి. వంకరపోయిన వేళ్లు మాత్రం తిరిగి సరికావు.

ప్రశ్న: మేకలకు గజ్జి వస్తే కాలిన ఇంజన్ ఆయిల్ రాస్తం. అదే కోడి కాళ్లకు రాసిన. తెల్లారేసరికి కాలు ఎర్రగై తోలు లేచింది. కిరోసిన్ రాయమని ఇంకొకాయన అంటున్నడు.
(పాఠకుడు, పరకాల)

జవాబు: కిరోసిన్ వద్దు. ఆయిల్ కూడా ఇక వద్దు, మేకలకైనా సరే. కాలిన ఆయిల్‌లో ఇంజన్ అరిగిన లోహపు నలుసులు, మాడిన రసాయనాలు ఉంటాయి. కోడి ముక్కుతో కాళ్లు గోక్కుంటుంది, ఈకలు దువ్వుకుంటుంది, అట్లా అది లోపలికి పోతుంది. పాత రోజుల్లో కిరోసిన్‌ను నూనెలో సగానికి సగం కలిపి రాయమని చెప్పేవారు. దానికి పురుగు చచ్చేది, నిజం. కానీ పొలుసు లేచిన కాలికి అది మంట పెడుతుంది. వ్యాజలిన్ చేసే పనికి కిరోసిన్ ఎందుకు? డీజిల్, సున్నపు తేట, బ్యాటరీ నీళ్లు కూడా అదే జాబితాలో వేయండి.

ఇప్పుడైతే గోరువెచ్చటి నీళ్లు, ఒంటి సబ్బుతో ఆయిల్ పోయేదాకా మెల్లగా కడగండి, బ్రష్ వాడకండి. తుడిచి పలచటి పోవిడోన్ అయోడిన్ అద్దండి. కోడిని వేరే గంప కింద, ఎండుగడ్డి పరిచి, ఈగలు ముసరకుండా ఉంచండి. తోలు మానడానికి వారం పది రోజులు పడుతుంది. మానాకే పైన చెప్పిన వైద్యం మొదలుపెట్టండి. పుండు నుంచి వాసన వచ్చినా, కోడి కాలు మోపలేకపోయినా పశువుల దవాఖానకు తీసుకుపోండి.

ప్రశ్న: గొర్లకు వేసే ఐవర్మెక్టిన్ సూదిమందు మా దగ్గర ఉంది. కోడికి నోట్లో ఎన్ని చుక్కలు వేయాలె? తాగే నీళ్లల్ల కలిపితే నడుస్తదా?
(పాఠకుడు, హుజూరాబాద్)

జవాబు: మందు పనిచేస్తుంది, పొలుసు పురుగు మీద బాగానే పనిచేస్తుంది. ప్రమాదమంతా కొలతలో ఉంది.

మీ దగ్గరున్నది ఒక శాతం మందు అయితే ఒక మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములు ఉంటుంది. గొర్రెకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు. పశువైద్యులు కోళ్లకు సాధారణంగా లెక్కవేసేది కూడా కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములే. అంటే కిలోన్నర పెట్టకు 0.3 మిల్లీగ్రాములు, మందు రూపంలో 0.03 మిల్లీలీటరు. మామూలు సిరంజి నుంచి పడే ఒక్క చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు ఉంటుంది. ‘రెండు చుక్కలు వేయి’ అని షాపులో చెప్పిన మాట వింటే కోడికి మూడింతలు పైగా పడినట్టు. తూలడం, మెడ వాల్చడం, లేవలేకపోవడం ఈ మోతాదు మించినప్పుడే చూస్తాం. చిన్న కోడిపిల్లలకైతే అసలే వేయకండి.

నీళ్లలో కలపడం కుదరదు. ఆ సూదిమందు నీళ్లలో సరిగ్గా కరగదు. ఒక కోడికి ఏమీ అందదు, ఇంకొక కోడికి ఎక్కువైపోతుంది.

ఇంకొక చిక్కు గుడ్లు. ఈ సూదిమందు గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారైనది కాదు. మందు సొనలో చేరుతుంది. వేస్తే ఎన్ని రోజుల గుడ్లు, మాంసం వాడకూడదో డాక్టరు చెప్పాలి, ఆ గడువు దాటేదాకా గుడ్లు పారబోయాల్సిందే, అంగట్లో అమ్మడం కూడా తప్పు. కోడిని తూకం వేయించి, సన్నటి ఇన్సులిన్ సిరంజితో దవాఖానలోనే వేయించుకోండి. రెండు వారాలకు రెండో విడత ఉంటుంది. వరంగల్ చుట్టుపక్కల వారికి మామునూరులోని పశువైద్య కళాశాల దగ్గరే.

మా అభిప్రాయం అడిగితే, పది పదిహేను కోళ్ల పెరటికి వ్యాజలిన్ చాలు. కాళ్లు రెండూ మోకాలి పై దాకా గట్టిపడి కోడి నడవలేనప్పుడు మాత్రమే ఐవర్మెక్టిన్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: నూనె రాస్తే తగ్గుతది, మూడు నెలలకు మళ్లొస్తది. రెండేండ్ల నుంచి ఇదే తీరు. మా కోళ్లు కొట్టంల దూలం మీద పండుకుంటయి.
(పాఠకుడు, జనగామ)

జవాబు: మళ్లీ రావడానికి మూడు దారులున్నాయి, మీ ఉత్తరంలో ఒకటి ఉంది, రెండు రాయలేదు.

రాసింది దూలం. పొడి పెచ్చులతో పాటు పురుగులు కూడా దాని మీద రాలతాయి. కోడిని విడిచి అవి ఎక్కువ కాలం బతకలేవు కానీ, రోజూ అదే చోట పక్కపక్కన కూర్చునే కోళ్లకు ఎక్కడానికి ఆ కొంచెం సేపు చాలు. బెరడు ఉన్న కొమ్మ అయితే మరీ అన్యాయం. బెరడు చెక్కి, మరిగే నీళ్లు పోసి, గట్టి బ్రష్‌తో రుద్ది రెండు రోజులు ఎండలో పెట్టండి. పగుళ్లలో వేపనూనె పోయండి. కదలని దూలమైతే అక్కడే కడిగి, ఆ రెండు రోజులు కోళ్లను గంపల కింద పడుకోబెట్టండి. కింద రాలిన పెచ్చులు, పాత గడ్డి ఊడ్చి పొయ్యిలో వేయండి. కాళ్లు కడిగిన నీళ్లు కోళ్లు గీరే చోట పోయకండి. గోడలకు సున్నం కొట్టడం మంచిదే, కోళ్లు లేనప్పుడు కొట్టి ఆరాక లోపలికి వదలండి. వైద్యం చేస్తున్న ఆరు వారాల్లో దూలం కడిగి కింద ఊడ్చే పనిని వారానికొకసారి చేయాలి. కాళ్లకు రాసి కర్రను మరిచిపోయేవారే ఎక్కువ.

రెండో దారి, మందు పడని ఒక కోడి. చెట్టు మీద పడుకునేది, చేతికి చిక్కని పుంజు, పక్కింటి నుంచి వచ్చిపోయే పెట్ట. నిండుగా కాళ్లకు ఈకలుండే రకమైతే పొలుసులు కనిపించవు, వేలితో తడిమి చూడాలి.

మూడోది అంగడి. మేడారం జాతరకు ముందు, బోనాలప్పుడు, దసరాకు అంగళ్లలో ఎక్కడెక్కడి కోళ్లో కలుస్తాయి. మొక్కు కోసం తెచ్చిన కోడి నాలుగు రోజులు మీ దూలం మీద పడుకున్నా చాలు. కొనేటప్పుడు బరువు, జుట్టు చూస్తారు గానీ కాలు ఎవరూ చూడరు. బొటనవేలితో కాలిని కింది నుంచి పైకి ఒకసారి మెల్లగా రాయండి. మంచి కాలు నున్నగా జారుతుంది. పురుగున్న కాలి మీద అంచులు వేలికి తగులుతాయి, గోటికి తెల్ల పొడి అంటుతుంది. తెచ్చాక మూడు నాలుగు వారాలు వేరుగా కట్టేసి, ఆ లోపు రెండు మూడుసార్లు వ్యాజలిన్ రాసి, అప్పుడు గుంపులో వదలండి. కొక్కెర తెగులు వంటివి ఇంటికి రాకుండా కూడా ఈ జాగ్రత్త పనికొస్తుంది.

ప్రశ్న: కాళ్లకు పెచ్చులున్న పెట్ట పొదుగుకు కూసున్నది. నూనె రాయొచ్చునా? పిల్లలకు వస్తదా?
(పాఠకురాలు, ములుగు)

జవాబు: పొదిగేటప్పుడు రాయకండి. కాలి నూనె గుడ్డుకు అంటితే పెంకు రంధ్రాలు మూసుకుపోతాయి, లోపలి పిల్లకు గాలి అందదు. 21 రోజులు ఆగి, పిల్లలు దిగాక మొదలుపెట్టండి. తల్లి కింద ఒదిగే పిల్లలకు అంటుకునే అవకాశం ఉంది కాబట్టి అప్పుడు ఇక ఆలస్యం చేయకండి. రాసిన వెంటనే పిల్లల మీదికి వదలకుండా, కాలు ఒక బట్టతో అద్ది అదనపు జిడ్డు తీసేస్తే పిల్లల బొచ్చు అంటుకోదు. గంధకం మలాం ఈ తల్లికి వద్దు, ఉత్త వ్యాజలిన్ చాలు. వచ్చే విడత పొదిగేయాలనుకునే పెట్టకు ఇప్పటి నుంచే కాళ్లు బాగు చేసి ఉంచండి.

ప్రశ్న: మా పిల్లలు కోళ్లను ఎత్తుకుంటరు. వాళ్లకు అంటుతదా? ఆ కోడిని కోసుకోవచ్చునా?
(పాఠకురాలు, భూపాలపల్లి)

జవాబు: అంటదు. ఈ పురుగు పక్షుల చర్మం మీదే బతుకుతుంది. అయినా కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం ఎప్పుడైనా అవసరమే. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా వంటి క్రిములకు కాలి పెచ్చులతో పని లేదు. ఐవర్మెక్టిన్ వంటి మందు వేయని కోడి, మిగతా విధాల ఆరోగ్యంగా ఉంటే, మాంసం తినవచ్చు. కాళ్లు మాత్రం కోసి కాల్చేయండి, పెరట్లో పడేస్తే మిగతా కోళ్లు వాటినే పొడుస్తాయి.

ప్రశ్న: కాళ్లు మంచిగనే ఉన్నయి. కానీ రాత్రి గూట్ల చేయి పెడితే సన్నటి ఎర్ర పురుగులు చేతికి పాకుతున్నయి. కోళ్ల తల మీది ఎర్ర జుట్టు తెల్లబడుతున్నది, పెట్టలు గూట్లకు పోనంటున్నయి.
(పాఠకుడు, జమ్మికుంట)

జవాబు: ఇది వేరే పురుగు, ఎర్ర పురుగు. పొలుసు పురుగుకు పూర్తిగా తలకిందులు. పగలు కోడి మీద ఉండదు, గూటి పగుళ్లలో దాక్కొని రాత్రి వచ్చి రక్తం తాగుతుంది. తాగక ముందు బూడిద రంగు, తాగాక ఎరుపు. రాత్రి తొమ్మిదికి టార్చి వేసి కర్ర కింది వైపు తెల్ల బట్టతో తుడవండి, ఎర్ర మరకలు పడితే అదే. జుట్టు పాలిపోయిందంటే రక్తం బాగా పోయింది, ఆలస్యం చేయకండి.

కాళ్లకు రాసి లాభం లేదు, వైద్యం గూటికి చేయాలి. కోళ్లను బయట పెట్టి, గడ్డి అంతా కాల్చి, పగుళ్లలో మరిగే నీళ్లు పోసి, పూర్తిగా ఆరాక, దవాఖానలో రాసిచ్చిన పురుగుమందును సీసా మీది కొలతకే కలిపి సందుల్లోకి కొట్టండి. ఆరేదాకా కోళ్లను రానీయకండి. వారం రోజులకు మళ్లీ కొట్టాలి, ఎందుకంటే గుడ్ల నుంచి కొత్తవి అప్పటికి వచ్చేస్తాయి. గూడు నాలుగు నెలలు ఖాళీగా పెట్టాం కదా అనుకుంటే పొరపాటే, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. పగుళ్లలో బల్లపరుపుగా, నీలి బూడిద రంగులో పెద్దవి కనిపిస్తే అవి కోడి గోమార్లు. వాటికీ ఇదే పద్ధతి, కానీ కోళ్లకు జ్వరం, ఆకుపచ్చ విరేచనాలు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పుంజు ఒక్క కాలే కుంటుతున్నది. పొలుసులు బాగనే ఉన్నయి, పాదం కింద నల్లటి గుండ్రటి పొక్కు, చుట్టూ వాపు.
(పాఠకుడు, మంచిర్యాల)

జవాబు: పొలుసు పురుగు కాదు, పాదంలో చీము గడ్డ. ఎత్తు నుంచి గట్టి నేల మీదికి దూకినప్పుడో, ముల్లు, పెంకు గుచ్చుకున్నప్పుడో పడిన గాయంలోకి క్రిములు చేరి ఇట్లా అవుతుంది. చిన్నదైతే గోరువెచ్చటి ఉప్పు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, అయోడిన్ అద్ది, గాజుగుడ్డ కట్టి రోజూ మార్చండి. లోపల చీము గట్టి ముద్దలాగ ఉంటుంది, పిండితే రాదు. పెద్దదైతే కోసి తీయాలి, అది దవాఖాన పని. కోళ్లు ఎక్కే కర్రను రెండడుగుల ఎత్తుకు దించండి, రెండంగుళాల మందం ఉన్న నున్నటి కర్ర పెట్టి, దాని కింద వరిపొట్టు మందంగా పోయండి.